తిత్లీ తర్వాత ఉద్దానం: ఉపగ్రహ చిత్రంలో పచ్చదనాన్ని చదవడం

నమస్కారం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను ఎంతగా దెబ్బతీసిందో ఉపగ్రహ చిత్రాలతో కొలిచే పద్ధతిని ఈ వీడియోలో నేర్చుకుందాం.

ఉపగ్రహ చిత్రాలు చూపే వెబ్‌సైటు కోపర్నికస్ బ్రౌజర్ తెరిచి, పటాన్ని ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు వైపు జరపండి. అందులో సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో 2018 జనవరిది ఒకటి, 2019 జనవరిది ఒకటి, మబ్బు లేనివి ఎంచుకోండి. తుపానుకు ముందు వారాన్ని, తర్వాతి వారాన్ని పోల్చాలని ఎవరికైనా తోస్తుంది కానీ, ఆ రోజుల్లో మన తీరం మీద మబ్బులు అడ్డం వస్తాయి; పైగా ఏటా అదే నెలను పోల్చినప్పుడే రుతువును బట్టి వచ్చే తేడా చాలావరకు తొలగిపోతుంది.

ఇప్పుడు ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనాన్ని అంకెలో చెప్పే సూచిక, పొరను ఎంచుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. పరారుణంలో నుంచి ఎరుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. ఉదాహరణకు పరారుణం 0.40, ఎరుపు 0.05 అనుకుంటే సూచిక 0.78, ఆకు రాలి ఇసుక నేల బయటపడి, అవే 0.28, 0.16 అయితే 0.27.

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. తర్వాతి ఏళ్ళ చిత్రాల్లో సూచిక మళ్ళీ పెరిగితే తోట కోలుకుందని రాసేయకండి. ఈ చిత్రంలో ఒక్కో గడి పది మీటర్ల చదరం, అంటే సుమారు రెండున్నర సెంట్లు. అందులో ఒకటి రెండు కొబ్బరిచెట్లే పడతాయి, మిగిలినదంతా నేలే. విరిగిన జీడిచెట్టు మోడు నుంచి చిగురించవచ్చు గానీ, కొబ్బరికి తలలోని లేత చిగురైన మొవ్వే ప్రాణం, అది విరిగితే చెట్టు నిలబడి ఉన్నా చచ్చినట్టే. ఆ ఖాళీలో ఒక్క వానాకాలానికే తుప్పలు, తీగలు అల్లుకుంటాయి, ఉపగ్రహానికి అదీ పచ్చదనమే. రైతుకు నష్టంగా మిగిలిన ఆ తుప్పలే, ఉద్దానంలో తిరిగే ఎలుగుబంటికి మరుగవుతాయి.

అందుకే ఫోను జీపీఎస్‌తో ఆ గడి దగ్గరకే వెళ్ళి, సూచిక విలువ పక్కన నిలిచిన చెట్లెన్ని, మొవ్వు పోయినవెన్ని, తుప్పలు ఎంత ఎత్తున ఉన్నాయి అన్నది రాసుకోండి. తోట యజమానిని వెంటబెట్టుకుని వెళ్ళండి. తెల్లవారుజామున, చీకటి పడే వేళ మాత్రం తుప్పల్లోకి అడుగుపెట్టకండి.