ఆమె మొదట చెప్పేది మీకే

(దేవరకొండలో మహిళా సంఘాల సభ్యులతో ఒక న్యాయవాది మాట్లాడిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక నిలబడ్డ ఆశా వర్కర్లకు నమస్కారం. కుర్చీలు అటుపక్క ఇంకా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషి మొదటగా వకీలు దగ్గరికి రాదు. ఠాణాకు అసలే పోదు. పక్కింటామెకు చెబుతుంది. లేదంటే సంఘంలో పొదుపు కట్టే రోజు "ఈసారి పైసలు లేవక్కా" అని తల దించుకుంటుంది. ఆ పైసలు ఎవరు గుంజుకున్నారో మీకు తెలుసు. అట్లా గుంజుకోవడం కూడా హింసేనని 2005 గృహహింస చట్టంలో రాసి ఉంది. కొట్టడం, తిట్టి అవమానించడం, ఇష్టం లేకున్నా బలవంతం చేయడం, ఖర్చులకు ఇవ్వకపోవడం, అన్నీ అందులో వస్తాయి. కొడుకు చేతిలో దెబ్బలు తినే ముసలితల్లికీ అదే చట్టం.

ఆమె మీకు చెప్పుకున్నప్పుడు "నువ్వేమన్నవ్, ఎందుకు కొట్టిండు?" అని మాత్రం అడగకండి. ఆ మాట విన్నాక ఆమె మళ్లీ నోరు తెరవదు. "ఇయ్యాల రాత్రి ఆ ఇంట్లో పండుకోవడానికి భయమైతుందా?" అని అడగండి. "గొంతు పట్టుకున్నడా?" అని కూడా అడగండి. గొంతు నులిమిన మనిషి తర్వాత ప్రాణం తీసేదాకా పోయే ప్రమాదం చాలా ఎక్కువ. పైకి కమిలిన గుర్తు లేకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. గొంతు బొంగురు పోయినా, మింగడం కష్టమైనా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. మెట్ల మీద పడ్డానని కాకుండా, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పమనండి. ఆ చీటీలో రాసిందే రేపు కోర్టులో పనికొస్తుంది.

చచ్చిపోతానన్న మాట ఆమె నోటి నుంచి వస్తే ఒంటరిగా వదలకండి. మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి మాట్లాడించండి.

ఇక పెద్దమనుషుల పంచాయతీ. మన దగ్గర ఎట్లా జరుగుతుందో అందరం చూసినవాళ్లమే. రచ్చకట్ట మీద మగవాళ్లు కూర్చుంటారు, ఆమె తల్లి పక్కన కొంగు కప్పుకొని నిలబడుతుంది. "ఇకమీద కొట్టను" అని కాగితం రాసి వేలిముద్ర పెట్టిస్తారు. ఆ కాగితం పెద్దమనిషి జేబులోకే పోతుంది. మళ్లీ కొడితే దానితో ఏమీ కాదు. మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వు అట్లా కాదు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రాజీ మాటలు మాట్లాడేవాళ్లందరూ చెడ్డవాళ్లని నేననను. కానీ కొట్టిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఆమె అసలు సంగతి చెప్పగలదా?

కేసు అంటే కాపురం పోయినట్టేనని భయపడతారు. ఈ చట్టం కింద విడాకులు అడగనక్కర లేదు, ఇల్లు విడవనక్కర లేదు. కొట్టొద్దని, నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని, పిల్లల ఖర్చు ఇవ్వాలని అడగొచ్చు. "ఇల్లు అత్త పేరు మీద ఉంది, నీకేం హక్కు?" అంటారు. కలిసి కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలు అక్కడ ఉండే హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. పూణే, ముంబై పనులకు పోయి అక్కడ దెబ్బలు తిని తల్లిగారింటికి వచ్చిన బిడ్డలు ఇక్కడి కోర్టులోనే కేసు వేసుకోవచ్చు.

అయితే ఇల్లు విడవాలనుకున్న రోజు, విడిచాక కొన్నాళ్లు, ప్రమాదం ఎక్కువ. అందుకే "పోతున్నా" అని చెప్పి పోవద్దు. చప్పుడు లేకుండా సిద్ధం కావాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటో, ఆసుపత్రి చీటీలు ఒక కవర్లో పెట్టి మీ ఇంట్లో దాచమనండి. ఆధార్ ఎందుకంటే, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు మన తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆ కార్డు చూపిస్తే జీరో టికెట్. చేతిలో రూపాయి లేకున్నా నల్లగొండ దాకా పోవచ్చు. అందుకే కొందరు మొగుళ్లు ఆ కార్డే ముందు దాస్తున్నారు!

గొడవ మొదలైతే వంటింట్లోకి పోవద్దని చెప్పండి. కత్తి, కిరోసిన్ అక్కడే ఉంటాయి. వాకిలి దగ్గర ఉండాలి. పిల్లలు మధ్యలో పడకుండా మీ ఇంటికి ఉరికేలా ముందే నేర్పాలి. ఫోన్ చాలామంది ఇళ్లల్లో అతనే చూస్తాడు. 181కి ఫోన్ చేసినట్టు కాల్ లిస్టులో కనబడుతుంది. అందుకని మీ ఫోన్ ఇవ్వండి. 181 మహిళల హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112.

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో సఖి కేంద్రాలున్నాయి. వైద్యం, పోలీసు, వకీలు సాయం, కౌన్సెలింగ్ ఒకేచోట. కొద్ది రోజులు తలదాచుకోవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ రక్షణ అధికారి ఆమె చెప్పింది ఫారంలో రాసి మేజిస్ట్రేటుకు పంపుతారు. చదవడం రాకున్నా ఫర్వాలేదు, చదివి వినిపించాకే వేలిముద్ర పెట్టాలి. ఫీజు లేదు. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా వకీలు ఉచితం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. నంబరు 15100. అర్జీ వేశాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా పడాలి, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి అని చట్టం. మన కోర్టుల్లో అంతకన్నా పడుతుంది, అబద్ధం చెప్పను. అందుకే కేసు తేలేదాకా రక్షణ ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు మొదటిరోజే అడగమనండి.

మీలో కొందరు "మనకెందుకు, మనమీద కేసు పెడితే?" అని గుసగుసలాడుతున్నారు, వినబడింది. హింస జరుగుతోందని మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు చెల్లదు. ఇది కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇక్కడ అందరి ముందు అడగలేనివాళ్లు, భోజనాల టైంలో స్టోర్ రూమ్ పక్క గదిలో నేను, లీగల్ సర్వీసెస్ నుంచి వచ్చిన మేడం కూర్చుంటాం. "మా పక్కింటామెకు" అని అడిగినా చాలు.