అరవై దాటినవాళ్లకే ఈ మాట

(మండల మహిళా సమాఖ్య భవనంలో పెద్దవయసు మహిళల సమావేశంలో ఒక రిటైర్డ్ నర్సు చేసిన ప్రసంగం)

అమ్మలకూ, అక్కలకూ, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన కోడళ్లకూ కూతుళ్లకూ నమస్కారం.

షుగరు, బీపీ గురించి చెబుతానని కొందరు అనుకుని ఉంటారు. వాటి గురించి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చెబుతూనే ఉన్నారు. ఇవాళ నేను రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడతాను. వరండాలో కూర్చున్న మగవాళ్లకు వినపడుతుందని తలొంచుకోకండి. వాళ్లూ వినాలి. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే బండి తీసేది వాళ్లే, డబ్బులు తీసేదీ వాళ్లే.

రిటైరయ్యేదాకా నేను సర్జరీ వార్డులో పనిచేశాను. పెద్దవాళ్ల నోట ఎప్పుడూ ఒకటే మాట వినేదాన్ని. "పిల్లల్ని కన్నాను, పాలిచ్చి పెంచాను, ముట్లు ఆగిపోయి ఎన్నేళ్లయిందో. ఇంకా నాకెందుకొస్తుందమ్మా?" అని. పిల్లల్ని కనడం, పాలివ్వడం వల్ల కొంత మేలు ఉన్న మాట నిజమే. అంతమాత్రాన అసలు రాదని కాదు. ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణాలు రెండు. ఒకటి ఆడదానిగా పుట్టడం, రెండోది వయసు పెరగడం. ముట్లు ఆగడంతో ఆ ముప్పు ఆగదు.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. 2022లో ఒక్క ఏడాదిలోనే దాదాపు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని, 98,000 మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇంగ్లండులో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరు డెబ్బై దాటినవాళ్లేనని చూసి, 2014లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా ఆ వయసువాళ్ల కోసమే ప్రచారం చేసింది. మన దగ్గర ఇంకా చిన్న వయసులోనే ఎక్కువమందికి వస్తోంది. అందుకేనేమో పోస్టర్ల మీద ఎప్పుడూ పడుచు అమ్మాయిల బొమ్మలే ఉంటాయి. వాటిని చూసి, ఇది మనది కాదులే అని పెద్దవాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఆ బొమ్మల్లో ఒక్కటైనా మీలాంటి నెరిసిన తల ఉండాలని నా కోరిక.

ఇప్పుడు గడ్డ సంగతి. వయసులో ఉన్న పిల్లలకు రొమ్ములో గడ్డలు వస్తుంటాయి, చాలావరకు మామూలు గడ్డలే. ముట్లు ఆగిన తర్వాత కొత్తగా గడ్డ తగిలితే మాత్రం పరీక్ష చేసి కాదని తేల్చేదాకా దాన్ని అనుమానంగానే చూడాలి. పైగా అది చాలాసార్లు నొప్పి పెట్టదు. "నొప్పి లేదు కదా, అదే పోతుందిలే" అని ఎంతమంది ఏళ్లు గడిపేశారో! నొప్పి లేదంటే ప్రమాదం లేదని కాదు తల్లీ. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. రాయిలా గట్టిగా, చింతగింజంత తగులుతుంది, అంతే.

గడ్డ ఒక్కటే కాదు. ఇన్నాళ్లూ బయటికి ఉన్న చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం, చర్మం సొట్టపడటం, బత్తాయి తొక్కలా గరుకుగా అవడం, చనుమొన నుంచి నెత్తురు చుక్క రావడం, చనుమొన మీద గజ్జిలా వచ్చి ఎన్ని ఆయింట్‌మెంట్లు రాసినా మానకపోవడం, చంకలో బిళ్ల కట్టడం. వీటిలో ఏది కనిపించినా చూపించుకోవాలి. వయసు మీద పడింది, చర్మం ముడతలు పడక ఏమవుతుందని సరిపెట్టుకోకండి. రెండు వైపులా ఒకేలా ముడతలు పడటం వేరు, ఒక వైపే గుంట పడటం వేరు.

ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. పేరూ ఊరూ వద్దు. ఆమెను మనవరాలు తీసుకొచ్చింది. మామ్మ రవికలు ఎవరినీ ఉతకనిచ్చేది కాదట, తనే ఉతుక్కుని పెరట్లో చీర కింద ఆరేసుకునేదట. ఒకరోజు జ్వరమొచ్చి పడుకుంటే ఈ పిల్ల బట్టలు తడపబోయింది. రవిక లోపల మడత పెట్టిన పాత పంచె గుడ్డ, దాని మీద పసుపు, నెత్తుటి చారలు. వార్డులో నేను ఆ గుడ్డ తీస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వాసన వస్తుందమ్మా, నువ్వు దూరం జరుగు" అంది. పుండు పడేదాకా పసుపు పెట్టుకుంటూ దాచుకుంది. ఎందుకు దాచావు మామ్మా అంటే, "మనవడి కాలేజీ ఫీజు కట్టాల్సిన ఏడాది. ఈ గొడవ ఎత్తితే వాడి చదువు ఆగిపోతుంది" అంది.

మన పెద్దవాళ్లకు తెలివి లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. గడ్డ ఉందని ఆమెకు తెలుసు. మంచిది కాదనీ తెలుసు. ఇంటి ఖర్చుల్లో తన పేరు ఆఖరున రాసుకుంది, అంతే. కాబట్టి డబ్బు సంగతి స్పష్టంగా చెబుతాను. రేషన్ కార్డున్న కుటుంబాలకు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో అనే మందుల వైద్యం, మీరంతా 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ కూడా ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది ఈ పథకమే. పథకం ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుని ఉంటారు, ముందు వాళ్లను కలవండి. డెబ్బై దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ వర్తించేలా 2024 అక్టోబరులో కేంద్రం మార్పు చేసింది. ఆధార్ కార్డుతో పేరు నమోదు చేయించుకోవాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. అటు విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

రెండో భయం ఆపరేషన్. "ఈ వయసులో కత్తి పెట్టించి ఆమెను ఎందుకు బాధపెట్టడం" అని వార్డు బయట కొడుకులు అనుకోవడం చాలాసార్లు విన్నాను. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ లోపల మంచం మీద ఉన్న ఆమెను అడిగినవాళ్లు తక్కువ. వైద్యానికి చూడాల్సింది పుట్టిన సంవత్సరం కాదు. గుండె ఎలా ఉంది, షుగరు ఎంతుంది, తన పని తాను చేసుకుంటోందా, ఇవి చూడాలి. తొందరగా వస్తే చాలామందికి రొమ్ము మొత్తం తీయక్కర్లేదు, గడ్డ వరకు తీసి కరెంటు పెడతారు. ఇంకో మంచి సంగతి ఉంది. పెద్దవయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువభాగం హార్మోను మాత్రలకు లొంగే రకం. టామోక్సిఫెన్, లెట్రోజోల్ లాంటివి రోజుకొక మాత్ర, కనీసం ఐదేళ్లు. బీపీ మాత్ర వేసుకుంటున్నట్టే ఇదీ వేసుకోవడమే. లెట్రోజోల్‌తో ఎముకలు పలచబడొచ్చు కాబట్టి కాల్షియం సంగతి డాక్టరును అడగాలి.

ముక్క పరీక్ష, అంటే బయాప్సీ చేస్తే జబ్బు పాకుతుందని ఊళ్లో ఒక మాట ఉంది. అది తప్పు. సూదితో ముక్క తీసి చూడకపోతే ఏ రకమో తెలియదు, ఏ మందు ఇవ్వాలో తెలియదు. సూది వల్ల పాకిందనుకునేవాళ్లు చాలామంది అప్పటికే ఆలస్యంగా వచ్చినవాళ్లు.

ఇక్కడ ముంబైలో జరిగిన ఒక పని గురించి చెప్పాలి. టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ల పాటు అక్కడి బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ల మీద అధ్యయనం చేశారు. సగం మందికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి రొమ్ములను చేత్తో పరీక్షించారు. డాక్టర్లు కాదు, మిషన్లు కాదు. 2021లో ఫలితాలు వచ్చాయి. యాభై లోపు వాళ్లలో మరణాలు తగ్గలేదు. యాభై దాటినవాళ్లలో మాత్రం రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంటే ఆ చేతి పరీక్ష వల్ల మేలు జరిగింది యాభై దాటినవాళ్లకే! ముట్లు ఆగాక రొమ్ములో గ్రంథులు తగ్గి కొవ్వు పెరుగుతుంది కాబట్టి గడ్డ ఉంటే చేతికి తేలిగ్గా దొరుకుతుంది, రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అదే మామోగ్రామ్‌లోనూ స్పష్టంగా కనిపిస్తుంది.

మన సబ్‌సెంటర్లలో ఏఎన్‌ఎంలు ఈ చేతి పరీక్ష చేయాలి. జాతీయ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు ఐదేళ్లకోసారి అని పెట్టారు. అరవై ఐదు దాటినవాళ్లను ఎవరూ పిలవరు. మీరే వెళ్లి, "నాకూ చూడమ్మా" అని అడగాలి. వీలున్నవాళ్లు డాక్టరును అడిగి మామోగ్రామ్ తీయించుకోండి.

ఇంట్లో మీకు మీరు చూసుకోవడం కష్టమేమీ కాదు. నెలకోసారి, పింఛను తీసుకున్న రోజని గుర్తు పెట్టుకోండి. స్నానమయ్యాక రవిక వేసుకోకముందు అద్దం ముందు నిలబడి రెండు వైపులూ చూసుకోండి. తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుని ఒక చెయ్యి తల కింద పెట్టుకోండి. భుజం పట్టేసి చెయ్యి లేవనివాళ్లు పక్కన దిండు పెట్టుకుంటే చాలు. రెండో చేతి మూడు వేళ్లు చాపి, వేళ్ల మెత్తని భాగంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ మెడ కింద అడ్డంగా ఉండే ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, పక్కన చంక దాకా తడమండి. వేలి కొసలతో గుచ్చొద్దు, పిండొద్దు. శుక్లాలు వచ్చి చూపు ఆననివాళ్లూ చేసుకోవచ్చు, దీనికి వేళ్లు చాలు.

కోడళ్లకు ఒక మాట. అత్తగారికి తలంటేటప్పుడు, రవిక హుక్కులు పెట్టేటప్పుడు మీ చేతికి తెలిసేది డాక్టరుకు కూడా తెలియదు. ఏదైనా తేడా కనిపిస్తే నలుగురిలో అడక్కండి. చాటుకు తీసుకెళ్లి అడగండి. చెప్పదు, మళ్లీ అడగండి.

పక్క గదిలో ఇద్దరు ఏఎన్‌ఎంలు పరదా కట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం ఐదింటిదాకా ఉంటారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా పట్టదు. డెబ్బై దాటినవాళ్లు ముందు వరసలో నిలబడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కుర్చీలు వేయించాం. గడ్డ ఉందని ఇప్పటికే తెలిసి ఎవరికీ చెప్పనివాళ్లు ఇక్కడ ఉంటే, వరసలో కూడా నిలబడక్కర్లేదు. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి వచ్చి కూర్చోండి. మీతో ఆసుపత్రికి ఎవరు రావాలో, ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.