డ్యూకులు, దస్తావేజులు

అధ్యక్షులవారికి, గ్రంథాలయ సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన పాఠకులకు నమస్కారం. పరిచయం చేసినాయన నన్ను విదుషీమణి అన్నారు. అంత లేదండీ. రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి సబ్‌రిజిస్ట్రారుగా రిటైరయ్యాను. పగలంతా దస్తావేజులు, రాత్రి ఇంగ్లిష్ నవలలు. నా చదువు అంతే.

గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమని నాకిచ్చిన అంశం 'చారిత్రక నవలలు, పఠనానందం'. అందులో నాకు తెలిసింది ఒక్క మూల: ఇంగ్లండు జమీందారీ కుటుంబాల కథలు, ఆ పాత నవలల ఒరవడిలో ఇప్పటికీ వస్తున్న ప్రేమకథలు. నాకు ముందు మాట్లాడిన మాస్టారు వాటిని టైంపాస్ సరుకు అనేశారు. మాస్టారూ, మీరు పెద్దవారు, మీ మీద కోపం లేదు. కానీ దానికి జవాబు చెప్పకుండా ఈ మైకు వదలను.

వాటిలో డాన్సులుంటాయి, గుర్రపు బగ్గీలుంటాయి, వానలో తడిసి జ్వరం తెచ్చుకునే అమ్మాయిలుంటారు. అవన్నీ నాకు ఇష్టమే, దాచుకోవడం దేనికి? కానీ ఆ డాన్సు హాల్లో కూర్చున్న తల్లుల నోట ఏముంటుందో వినండి. జేన్ ఆస్టిన్ 1813లో అచ్చువేసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో హీరో డార్సీ హాల్లో అడుగు పెట్టిన ఐదు నిమిషాల్లో, ఆయన రాబడి ఏడాదికి పదివేల పౌన్లని అందరికీ తెలిసిపోతుంది. ఆయన ఎలాంటి మనిషో తెలియడానికి మాత్రం నవలంతా పడుతుంది.

హీరోయిన్ ఎలిజబెత్ ఇంట్లో ఐదుగురూ ఆడపిల్లలే. ఆస్తి మగ వారసుడికే పోయేలా కట్టుబాటు. తండ్రి ముందుచూపుతో పైసా వెనకేయలేదు. ఎందుకు? కొడుకు పుడతాడు, వాడు మేజరయ్యాక తండ్రీకొడుకులు కలిసి ఆ కట్టుబాటును తెంచేయొచ్చు అని ధీమా. కొడుకు పుట్టలేదు. ఆస్తి దూరపు బంధువు కాలిన్స్‌కి పోతుంది. ఆ కాలిన్స్ వచ్చి ఎలిజబెత్‌ని పెళ్లాడతానని అడుగుతూ ఏమంటాడో తెలుసా? నీకు వచ్చేది నాలుగు శాతం వడ్డీ బాండ్లలో వెయ్యి పౌన్లు, అదీ మీ అమ్మ పోయాకే, అయినా నేను దెప్పను అంటాడు. అంటే ఏడాదికి నలభై పౌన్లు. పెళ్లిచూపుల్లో ఆస్తి లావాదేవీల చిట్టా, ఈసీ, తీసి చదివినట్టు! మొదటిసారి చదివినప్పుడు ఆఫీసులోనే పగలబడి నవ్వాను.

నవ్వు రాని అధ్యాయం ఇంకొకటి ఉంది. అందుకోసమే అసలు ఈరోజు వచ్చాను. 1811లో వచ్చిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ', రెండో అధ్యాయం. తండ్రి చనిపోతూ కొడుకు జాన్‌ని పిలిచి, నీ సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకో అని మాట తీసుకుంటాడు. ఎస్టేటు ఎలాగూ ఇతని వైపే వచ్చేసింది. సొంత తల్లి ఆస్తి వేరే ఉంది. చెల్లెళ్లకు తలా వెయ్యి పౌన్లు ఇద్దామనుకుంటాడు. పాపం, చెడ్డవాడు కాదు. మంచివాడిననే అనుకుంటాడు.

అప్పుడు భార్య మొదలుపెడుతుంది. మన బాబు నోటి దగ్గరది తీసి ఇస్తారా, వాళ్లు మీ సొంత చెల్లెళ్లు కూడా కాదు కదా అని. సరే, తలా ఐదు వందలు. అది కూడా ఎక్కువే. పోనీ, సవతి తల్లి బతికినన్నాళ్లు ఆవిడకి ఏడాదికి వంద పౌన్లు? ఆవిడ ఇంకో పదిహేనేళ్లు బతికితే మన గతేంటి అంటుందామె. ఏటా డబ్బు వస్తుందంటే మనుషులు అస్సలు పోరట! ఆవిడకి నలభై కూడా నిండలేదు, గుండ్రాయిలా ఉంది. అయితే అప్పుడప్పుడూ యాభై పౌన్లు. అది కూడా దేనికి? చివరికి తేలిందేమిటంటే, ఇల్లు మారేటప్పుడు సామాను సర్దడంలో సాయం చేయడం, సీజన్‌లో కాసిని చేపలు, వేటమాంసం పంపడం. తండ్రి కోరుకున్నది కూడా ఇదే అయి ఉంటుందని ఇద్దరూ తేల్చేస్తారు. అంతటితో ఆగక, అత్తగారు తీసుకెళ్లే పింగాణీ సెట్టు మనదానికంటే బాగుందని ఆమె బాధ.

మూడు వేల పౌన్లు చేపల బుట్ట అయ్యాయండీ. గొంతు పెంచకుండా, మర్యాదగా మాట్లాడుకుంటూనే.

మా ఇంట్లో మామిడిపళ్ల బుట్ట. ఇది చెప్పకూడదనుకునే వచ్చాను, చెప్పేస్తున్నాను. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు మాత్రం లేదు. నా పెళ్లి అంతకు రెండేళ్ల ముందే అయింది. తర్వాత అన్నలిద్దరూ భాగపరిష్కార దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకున్నారు. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన కూతుళ్లకూ హక్కు ఇచ్చింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి పోలేదు. రూలు నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందరి దస్తావేజులూ నా సంతకంతో వెళ్లాయి, నా పేరు మాత్రం ఎందులోనూ లేదు. వదిన మంచిదే. ఏటా బేనీషా పళ్ల బుట్ట పంపుతుంది, పైన చీర. "నీకేం తక్కువమ్మా, గవర్నమెంటు జీతం" అంటుంది. ఆ మాట ఆస్టిన్ రెండు వందల ఏళ్ల కింద రాసి పెట్టింది, వదినకి తెలియదు.

ముందు వరసలో అమ్మలు నవ్వుతున్నారు. చేతులెత్తమని అడగను లెండి.

ఆస్టిన్‌కి ఇదంతా ఎలా తెలుసు? తండ్రి 1805లో బాత్‌లో పోయాడు. తల్లి, అక్క కసాండ్రా, తను, ఈ ముగ్గురూ ఎక్కువగా అన్నదమ్ములు ఇచ్చే డబ్బు మీదే బతికారు. అన్నల్లో ఎడ్వర్డ్‌ని పిల్లల్లేని ధనిక బంధువులు దత్తత చేసుకున్నారు. కెంట్‌లో ఒక ఎస్టేటు, హాంప్‌షైర్‌లో ఒకటి దక్కాయి. ఆయన చాటన్‌లో తల్లికీ చెల్లెళ్లకూ ఇల్లు ఇచ్చింది 1809లో. ఆ ఇంట్లోంచే ఈ నవలలు బయటికొచ్చాయి. మొదట అచ్చయిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మీద రచయిత్రి పేరు లేదు, 'ఒక స్త్రీ' అని మాత్రమే ఉంది. దాని మీద 140 పౌన్లు మిగిలాయి. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులు 110 పౌన్లకు అమ్మేసింది. డార్సీకి అది నాలుగు రోజుల రాబడి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. చూశానండీ, తొందరగా ముగిస్తాను.

తర్వాతి తరాల సంగతి. ఆస్టిన్ తన కాలం గురించి రాస్తే, రీజెన్సీ అనే ఆ కాలాన్ని చరిత్రగా చేసుకుని 1935లో జార్జెట్ హేయర్ రీజెన్సీ ప్రేమకథ మొదలుపెట్టింది. బండి, బట్ట, యాస అన్నీ పరిశోధించి రాసిన మనిషి. ఇప్పుడొచ్చేవాటిలో ఏ నవల తెరిచినా హీరో డ్యూకే, అంటే దొరల్లో అందరికంటే పెద్ద బిరుదున్నవాడే. ఆ రోజుల్లో రాజవంశం కాక మొత్తం డ్యూకులు ముప్ఫై మంది లోపే, అందులో ముసలివాళ్లు ఎంతమందో! అయినా చదువుతాను. హీరో చేతి తొడుగు తీస్తే నాకూ గుండె దడదడలాడుతుంది. నా ఫిర్యాదు ఒక్కటే: వీటిలో చాలావాటిలో అమ్మాయి ధైర్యంగా మాట్లాడుతుంది, గుర్రమెక్కుతుంది, కానీ పెళ్లి ఒప్పందం కాగితం చదవదు. 1882 దాకా పెళ్లయిన ఆడది తెచ్చుకున్నది చాలావరకు మొగుడి చేతికే పోయేది. ప్రత్యేకంగా ఒప్పందం రాయించుకుంటే తప్ప. ఆ కాగితం లేకుండా ప్రేమకథలో టెన్షన్ ఎక్కడిది?

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చాలామంది రాయరు. మన కడప ఉన్న దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయిన 1800లో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ కొడుకు. వేల్స్‌లోని పోయిస్ కోట ఇంటి ఆడపడుచు ఆయన భార్య. 1804లో ఆయనకే పోయిస్ ఎర్ల్ అనే దొర బిరుదు వచ్చింది. టిప్పు సుల్తాన్ గుడారం ఇప్పటికీ ఆ కోటలో ఉంది. కడప వాళ్లు దొరల నవల రాస్తే అక్కడినుంచి మొదలుపెట్టాలి. ఎవరైనా రాయండమ్మా, మొదటి కాపీ నేను కొంటాను.

రెండో చీటీ కూడా వచ్చింది. నా దగ్గరున్న హేయర్ నవలలు, ఆస్టిన్ ఆరూ లైబ్రరియన్ గారికి అప్పగిస్తున్నాను. మాస్టారి పేరు మీద ముందుగా ఆ రెండో అధ్యాయం ఉన్నది రాయించాను, పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. ప్రశ్నలుంటే అడగండి. పంపకాల దస్తావేజుల గురించి అయితే మాత్రం భోజనాలప్పుడు అడగండి, అక్కడ మైకు ఉండదు.