ఊరికే ఇచ్చే మాత్ర, కొనగలిగే మాత్ర
(ఫార్మసీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘కార్పొరేట్ బాధ్యత, ప్రపంచ ఆరోగ్యం’. భోజనాలయ్యాక ఇంత బరువైన మాట వింటే నిద్ర రావడం ఖాయం. అందుకని ఒక చిన్న మాత్రతో మొదలుపెడతాను.

దాని పేరు డీఈసీ. బోదకాలు మందు. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకా పుట్టి పెరిగినవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి, “నా ముందే మింగండి” అని గుమ్మంలో నిలబడే ఆశా కార్యకర్తను చూసే ఉంటారు. మాత్ర గుప్పిట్లో దాచి, ఆవిడ వెళ్లాక పెరట్లో పారేసినవాళ్లు కూడా మీలో ఉండే ఉంటారు. నవ్వుతున్నారంటే ఉన్నారన్నమాటే!

జపాన్ కంపెనీ ఈసాయ్ ఈ మాత్రలు 220 కోట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తానని మాటిచ్చి, 2013లో పంపడం మొదలుపెట్టింది. ఆ మాత్రలు తయారైంది టోక్యోలో కాదు, మన విశాఖ పక్కన పరవాడలో.

1947 నాటి మందు, అదీ చవక మందు. దాన్ని ఊరికే ఇవ్వడంలో గొప్పేముంది అనిపిస్తుంది. అసలు ఇబ్బంది ఆ చవకలోనే ఉంది. పైసా మిగలని మందును శ్రద్ధగా ఎవరు చేస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు తూగే డీఈసీ దొరకడమే కష్టంగా ఉండేది. ఇక ఈసాయ్ దీన్ని దానం అనదు, దీర్ఘకాలిక పెట్టుబడి అంటుంది. జబ్బు లేనివాడు పనికెళ్తాడు, నాలుగు డబ్బులు సంపాదిస్తాడు, రేపు మందులు కొనేవాడవుతాడు అని లెక్క. ఆ మాట దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

అయితే ఈ డీఈసీని ఆఫ్రికాలో చాలాచోట్ల ఇవ్వడానికి లేదు. అక్కడ రివర్ బ్లైండ్‌నెస్ అనే జబ్బుంది. వేగంగా పారే నీళ్లలో పెరిగే ఒక నల్ల ఈగ కుడితే ఒంట్లో సన్నటి పురుగులు చేరి, చివరికి చూపు పోతుంది. ఆ పురుగున్నవాళ్లకు డీఈసీ ఇస్తే కళ్లకే ముప్పు. అక్కడ పనిచేసింది ఐవర్‌మెక్టిన్. అమెరికా కంపెనీ మెర్క్ తయారుచేసింది. ఈ మందు అవసరమైనవాళ్ల దగ్గర కొనడానికి డబ్బు లేదు. ప్రభుత్వాలో, సంస్థలో కొని పంచుతాయేమోనని కంపెనీ చూసింది, ఎవరూ ముందుకు రాలేదు. 1987లో కంపెనీ అధిపతి రాయ్ వాజెలోస్ ప్రకటించారు: ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు, ఉచితం.

ఇందులో ‘ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు’ అన్నదే కీలకం. ఈ మందు పిల్ల పురుగులను చంపుతుంది, తల్లి పురుగును చంపలేదు. అది పదేళ్లకు పైగా బతుకుతుంది. అంటే ఏటా ఊరూరా తిరిగి మాత్రలు పంచాలి. మధ్యలో రెండేళ్లు మానేస్తే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. పల్లెల్లో తూకం మిషన్లు లేకపోతే ఒక గుర్తుల కర్ర పక్కన మనిషిని నిలబెట్టి, ఎత్తును బట్టి ఎన్ని మాత్రలో చెప్పేవారు. పంచింది ఎక్కువగా ఆ ఊరివాళ్లే. కొలంబియాలో జబ్బు పోయిందని 2013లో తేల్చారు. ఆఫ్రికాలో మొదటి దేశం నైజర్, 2025లో. మాటిచ్చినప్పటి నుంచి లెక్కేస్తే 38 ఏళ్లు!

కానీ ఇలాంటి దానం ఏడాదికి ఒకటి రెండుసార్లు మింగే మందుకు, ఎప్పటికైనా ముగింపున్న జబ్బుకు సరిపోతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లు రోజూ, జీవితాంతం మందు వేసుకోవాలి. అన్నేళ్లు ఎవరి దయ మీద బతుకుతారు? అక్కడ ధరే దిగాలి. 2001లో ఒక్కొక్కరికి ఏడాదికి 10,000 డాలర్లు దాటుతున్న మూడు మందుల చికిత్సను 350 డాలర్లకే ఇస్తానని ముంబయి కంపెనీ సిప్లా ముందుకొచ్చాకే లెక్కలు మారాయి.

హైదరాబాద్ సంగతికి వద్దాం. సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును బేయర్ కంపెనీ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్మేది. అవసరమున్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి కూడా అందలేదు. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ మన నాట్కోకు కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు చేసుకునే అనుమతి, ఇచ్చారు. ధర నెలకు 8,880 రూపాయలు, బేయర్‌కు 6 శాతం రాయల్టీ. నాట్కో ధర్మసత్రం నడపలేదు, వ్యాపారమే చేసింది. రోగికి కావాల్సింది కూడా అదే.

ఇప్పుడొక తమాషా వినండి. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్ కింద, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద, ఖర్చుపెట్టాలి. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు మాత్రం ఆ లెక్కలోకి రావు. మందుల కంపెనీ తన మందు ధర సగానికి సగం తగ్గించినా సీఎస్ఆర్ ఖాతాలో పడేది సున్నా. అదే ఒక బడికి బెంచీలు కొనిస్తే ఖర్చు రాసుకోవచ్చు, ఫొటో కూడా దిగొచ్చు. చట్టాన్ని తప్పుపట్టలేను. అలా లేకపోతే ప్రతి పండగ డిస్కౌంటునూ సమాజసేవ అని రాసేసుకుంటారు. కాకపోతే సీఎస్ఆర్ రిపోర్టు చూసి మందుల కంపెనీని మెచ్చుకునే అలవాటు మానుకుందాం. ఏ మందు ఏ దేశంలో రిజిస్టర్ చేశారు, అక్కడి ధర ఎంత, ఇతరులు తయారు చేసుకోవడానికి లైసెన్స్ ఇచ్చారా అని అడుగుదాం.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది మనకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చి, శుద్ధి కూడా చేసిన నీటిని పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అలాంటి నీటిలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవులు అదే మందుకు లొంగకుండా తయారవుతాయి. పేద దేశాలకు చవగ్గా మందు పంపుతున్నామని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. మరి ఆ నీటిని పూర్తిగా శుభ్రం చేస్తే ఒక్కో మాత్ర మీద ఎన్ని పైసలు పెరుగుతాయి? ఈ లెక్క వేయగలిగినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, రేపు ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకు వెళ్లేదీ మీరే. ఎవరి దగ్గరైనా అంచనా ఉంటే మైకు తీసుకోండి, అక్కడి నుంచే మాట్లాడుకుందాం.