ఆశీలు చీటీ మీద ఏముంది?

(గుంటూరు బ్రాడీపేటలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మనిషి బతుకులో ప్రభుత్వం జోక్యం తక్కువగా ఉండాలనే స్వేచ్ఛావాదం మాట ఎత్తగానే, అదేదో అమెరికా సరుకని ముఖం తిప్పుకునేవారు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వారికి చీరాల సంగతి గుర్తు చేయాలి. అప్పట్లో చీరాల మన గుంటూరు జిల్లాలోనిదే. చీరాల, పేరాలను కలిపి పురపాలక సంఘం చేసేసరికి పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మాకీ సంఘం అక్కరలేదని జనం మొరపెట్టుకున్నా వినేవారు లేకపోయారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్లు విడిచి, ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. ఊళ్లో జనమే లేకపోతే పన్ను ఎవరిని అడుగుతారు? ఆ వెంటనే పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నడిచిన రైతులు శిస్తు కట్టడం మానేశారు.

అది పరాయి పాలన, ఇది మనం ఓటేసి తెచ్చుకున్నది అంటారు. ఒప్పుకుంటాను. నేను అరాచకవాదిని కూడా కాను. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట కట్టింది సర్కారే, ఏ షావుకారూ కాదు. మా తాతగారు నీటి తీరువా కట్టి వచ్చిన రోజు ఇంట్లో గొణిగేవారు. కానీ ఆ డబ్బు ఎటు పోయిందని ఆయన ఎవరినీ అడగనక్కర లేకపోయింది. కాలువ పొలం గట్టునే పారుతుండేది.

ఇప్పుడు పెట్రోలు బంకులో ఇచ్చే చీటీ చూడండి. ఎన్ని లీటర్లు, ఎంత ధర, అంతే. అందులో కేంద్రం ఎక్సైజు ఎంతో, రాష్ట్రం వ్యాట్ ఎంతో కనబడదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినా పెట్రోలును బయటే ఉంచారు. ఆదాయపు పన్ను కట్టేవాడికి అంకె కనబడుతుంది కనుక కోపం వస్తుంది. మోపెడ్ మీద కూరగాయలు తిప్పే మనిషికి తానూ పన్ను కడుతున్నానన్న సంగతే తెలియదు. పైగా దేశాన్ని మోస్తున్నది మేమేనని మనం ఆయనకు చెబుతుంటాం!

మొన్న ఒక సంతలో మునగకాడలు అమ్మే ఆమె దగ్గర నిలబడ్డాను. ఆశీలు, అంటే సంతలో అమ్ముకునేందుకు కట్టే రుసుము, వసూలు చేసే కుర్రవాడు ఇరవై రూపాయలు తీసుకుని, పసుపు చీటీ ఒకటి చింపి ఇచ్చాడు. ఆమె చూడకుండానే దాన్ని గంప కింద దోపింది. అడిగి తీసుకుని చూశాను. ముద్ర అలుక్కుపోయింది, అంకె వేయాల్సిన చోటు ఖాళీ. “ఎంతని రాశారమ్మా?” అంటే, “ఎంత అడిగితే అంత బాబూ” అంది. ఆశీలు వసూలు హక్కును వేలంలో పాడుకున్నవాడు పాట సొమ్ము రాబట్టుకోవాలి కదా. జమీందారీలను రద్దు చేశాం గాని, సంత వాకిట్లో చిన్న జమీందారును మిగుల్చుకున్నాం.

పన్ను కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది అనుమతి. 1963లో కేంద్రం బంగారం మీద నియంత్రణ పెట్టింది. 14 కేరట్లకు మించిన కొత్త నగ చేయకూడదంది. ఇంటివాళ్లు తెచ్చిన మేలిమి బంగారాన్ని కరిగించి కంసాలి తాళిబొట్టు చేస్తే నేరం! పని పోయి ఎందరో స్వర్ణకారులు వీధిన పడ్డారు. దొంగబంగారం మాత్రం పడవలెక్కి వస్తూనే ఉంది. కేరట్ల పట్టింపు తర్వాత సడలినా, నియంత్రణ 1968లో చట్టమై 1990 దాకా సాగింది.

ఈ గొడవ మన నిడుబ్రోలు మనిషి ఎన్.జి. రంగాకు ముందే తెలుసు. రైతుల భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయాలని నాగపూరు కాంగ్రెసులో సహకార వ్యవసాయ తీర్మానం చేశాక, 1959లో ఆయన రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. తర్వాత మళ్లీ కాంగ్రెసులోకే వెళ్లారు, అది వేరే కథ. 1978లో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది మాత్రం కాంగ్రెసు కాదు, జనతా ప్రభుత్వం. ఏ జెండాను నమ్మాలో మీరే చెప్పండి.

ప్రభుత్వం చిన్నదైతే పేదవాడి గతేమిటని అడుగుతారు. రోజూ ప్రభుత్వం చేయి తగిలేది ఆ పేదవాడికే. వీధి వ్యాపారులకు రక్షణగా 2014లో చట్టం వచ్చింది. అయినా లాఠీ కనబడగానే తోపుడు బండి ఇంకా పరుగెడుతూనే ఉంది. ఇంటికి వెళ్లేటప్పుడు మీ బజారులో ఆశీలు రేట్ల బోర్డు ఎక్కడుందో వెతకండి. కనబడితే వచ్చే సభలో చెప్పండి, ఈ మాటల్లో సగం వెనక్కు తీసుకుంటాను.