డెవాన్ తీరాన్ని డివైడర్‌తో కొలుద్దాం రండి: ఆంధ్రా తీరం 974 నుంచి 1,053 కి.మీ. ఎలా అయ్యింది?

అందరికీ నమస్కారం అండీ. ఇది ఇంగ్లండ్ దక్షిణ తీరం, డెవాన్ కౌంటీ, సాల్కమ్ అనే ఊరు. గాలి హోరుకి మైకు సరిగ్గా పట్టడం లేదు, సౌండ్ కాస్త పెంచుకోండి. "సముద్రం చూపించు" అని పిన్ని వాళ్ళు అడుగుతూనే ఉన్నారు కదా, ఇదిగో సముద్రం. కాకపోతే ఇవాళ మన పని నీళ్ళతో కాదు, ఒడ్డుతో. గ్రూప్-2కి చదువుతున్న మా అన్నయ్య కొడుకు అడిగిన ప్రశ్న ఇది: "బాబాయ్, ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పాత పుస్తకంలో 974 కిలోమీటర్లు, కొత్త మెటీరియల్‌లో 1,053. ఏది రాయాలి? సముద్రం ఏమైనా వెనక్కి పోయిందా?"

పోలేదురా. కొలిచే బద్ద మారింది, అంతే.

కేంద్ర హోం శాఖ 2023-24 వార్షిక నివేదికలో దేశం మొత్తం తీరం 7,516.6 కి.మీ. నుంచి 11,098.81 కి.మీ. అయ్యింది. పాత అంకె 1970ల నాటిది, 1:45,00,000 స్కేలు మ్యాపు మీద తీసింది, అంటే మ్యాపులో ఒక సెంటీమీటరు నేల మీద 45 కిలోమీటర్లు. కొత్తది 1:2,50,000 స్కేలు నావిగేషన్ చార్టుల మీద తీసింది. అంటే మ్యాపు 18 రెట్లు దగ్గరికొచ్చింది. ఆంధ్రా 973.7 నుంచి 1,053.07కి వెళ్ళింది. కొత్తగా మూరెడు నేల కలవలేదు, పాత మ్యాపులో కనపడని వంపులు లెక్కలోకి వచ్చాయి.

ఇప్పుడు కెమెరా అటు తిప్పుతున్నా చూడండి. ఎదుటి ఒడ్డున కనిపించేది ఈస్ట్ పోర్టల్‌మత్. మధ్యలో ఉన్నది నది అనుకుంటారు గానీ, పెద్ద నదేదీ ఇందులోకి రాదు. మంచుయుగం అయ్యాక సముద్రమట్టం పెరిగి మునిగిపోయిన పాత లోయ ఇది. చిన్న పడవ ఎక్కితే కొద్ది నిమిషాల్లో అవతల ఉంటాం. కారులో వెళ్ళాలంటే మాత్రం పైనున్న కింగ్స్‌బ్రిడ్జ్ దాకా పోయి, నేలలోకి చొచ్చుకొచ్చిన నీటి పాయలు (క్రీకులు) ఫ్రాగ్‌మోర్ క్రీకు, సౌత్‌పూల్ క్రీకు ఒక్కొక్కటీ చుట్టుకుని దిగాలి. గోదావరి మీద నర్సాపురంలో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగడానికీ, చించినాడ వంతెన మీదుగా చుట్టి రావడానికీ ఉన్న తేడా లాంటిదే. మ్యాపు మీద తీరాన్ని కొలిచేది జామెట్రీ బాక్సులోని డివైడర్ రెండు ముళ్ళతో అడుగులేస్తూ కదా, అది పెద్ద అడుగు వేస్తే పంటులా దాటేస్తుంది, చిన్న అడుగు వేస్తే ప్రతి క్రీకూ చుట్టి వస్తుంది. పెద్ద క్రీకు పక్కన చిన్న క్రీకు, దాని ఒడ్డున ఇంకా చిన్న నొక్కు. స్కేలు మార్చిన కొద్దీ అదే తరహా గరుకుతనం మళ్ళీ మళ్ళీ తగులుతుంటే దాన్నే ఫ్రాక్టల్ అంటారు.

అడుగు మారితే పొడవు మారుతుందని లెక్కకట్టి చూపించింది ఇంగ్లండ్‌వాడే, లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. లెక్కలు కట్టి వాతావరణం ముందే చెప్పొచ్చని పూనుకున్న తొలితరం మనిషి. రెండు దేశాల ఉమ్మడి సరిహద్దు పొడవుకీ వాటి మధ్య యుద్ధాలకీ సంబంధం ఉందేమోనని వెతుకుతుంటే, స్పెయిన్-పోర్చుగల్ సరిహద్దు ఒక లెక్కలో 987 కి.మీ., ఇంకో లెక్కలో 1,214 కి.మీ. అని ఉంది. ఎవరూ తప్పు కొలవలేదు, ఎవరి అడుగు వాళ్ళది. ఆయన 1953లో పోయారు, ఈ పని 1961లో అచ్చయింది. దాని మీదే 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్త 'సైన్స్' అనే పత్రికలో బ్రిటన్ తీరం పొడవెంత అని అడుగుతూ వ్యాసం రాశారు. పొడవు చెప్పడం అర్థం లేని పని, గరుకుతనానికి ఒక అంకె ఇద్దాం అన్నారు. ఆ అంకే డైమెన్షన్. తిన్నటి గీతకి 1. బ్రిటన్ పడమటి తీరానికి 1.25, దక్షిణాఫ్రికా తీరానికి 1.02 వచ్చాయి.

సరే, పనిలోకి దిగుదాం. ముందు మ్యాపు. ఇక్కడ నాకు భలే నచ్చే విషయం ఒకటుంది: ఆర్డ్‌నెన్స్ సర్వే అని 1791లో మొదలైన ప్రభుత్వ సర్వే సంస్థ, దేశంలో అంగుళం అంగుళం గీసి కాగితం మ్యాపులు అమ్ముతుంది. పుస్తకాల షాపులోనే కాదు, పల్లెటూరి కొట్లో చిప్స్ ప్యాకెట్ల పక్కన కూడా ఉంటాయి. గులాబీ అట్టది 1:50,000, నారింజ అట్టది 1:25,000. ధర పది పన్నెండు పౌండ్ల మధ్యలో. పౌండు 115 రూపాయలు వేసుకుంటే 1,150 నుంచి 1,400 దాకా. ఒక్క కాగితానికా అని అమ్మ అంటుంది, తెలుసు. ఇక్కడ కారు పార్కింగు నాలుగు గంటలకి ఏడు పౌండ్లు, 800 రూపాయలు, దాన్నేమంటుందో మరి. అదీ నాణేలు తీసుకోని మెషీను, సిగ్నల్ లేని చోట యాప్‌తో కట్టమంటుంది.

మనకి కావలసింది గులాబీ అట్ట 202వ నంబరు షీటు. 80 సెంటీమీటర్ల చదరం, అంటే 40 కిలోమీటర్ల చదరం నేల. ఇంట్లో పరచడానికి చోటుకి కొదవ లేదు, ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ మీద కూర్చునేది ఇద్దరమే. ప్లాస్టిక్ పూత ఉన్న రకం మ్యాపు కూడా అమ్ముతారు, వానకి తడవదు గానీ ఈ పనికి వద్దు. దాని మీద డివైడర్ ముల్లు జారుతుంది. మామూలు కాగితం మీద తిన్నగా గుచ్చకండి, మడతల దగ్గర చిరుగుతుంది. పైన ట్రేసింగ్ పేపరు వేసి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, తీరాన్ని సన్నటి పెన్సిలుతో ఎక్కించుకుని దాని మీద కొలవాలి.

ఎక్కించేటప్పుడే ఒకటి తేల్చుకోవాలి. మ్యాపులో పోటు గీత వేరు, ఆటు గీత వేరు. విశాఖలో ఆటుపోట్ల తేడా దాదాపు ఒకటిన్నర మీటరే కాబట్టి మనకి పట్టదు. ఇక్కడ అలా కాదు, ఇదే దేశంలో బ్రిస్టల్ ఛానెల్ పైకొసన 12 మీటర్లు దాటుతుంది. ఈ కింగ్స్‌బ్రిడ్జ్ పాయలో కూడా ఆటు సమయానికి క్రీకులన్నీ బురద మైదానాలై, నీళ్ళు సన్నటి కాలువలా మిగులుతాయి. రెండు గీతలూ కలిపేస్తే మీ లెక్క ఎందుకూ పనికిరాదు. పోటు గీత ఒక్కటే పట్టుకోండి. నది లోపలికి ఎంతవరకు వెళ్ళాలన్నదీ మ్యాపే చెబుతుంది, పోటు నీళ్ళు ఆగే చోట ఎన్.టి.ఎల్. (నార్మల్ టైడల్ లిమిట్) అని రాసి ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. దీవుల్ని వదిలేయండి.

మొదలు బోల్ట్ టెయిల్ అనే కొన, చివర స్టార్ట్ పాయింట్ లైట్‌హౌస్. తిన్నగా చూస్తే పదహారు పదిహేడు కిలోమీటర్లు. జామెట్రీ బాక్సులో పదో తరగతి దాకా ఎవరూ ముట్టుకోని డివైడర్ ఉంటుంది చూశారా, దానికి ఇన్నాళ్ళకి పని దొరికింది. మొదటి అడుగు 4 సెం.మీ., అంటే నేల మీద 2 కిలోమీటర్లు. తర్వాత 2 సెం.మీ., 1 సెం.మీ., 5 మి.మీ. పెద్ద అడుగు మొత్తం దూరంలో ఐదో వంతు దాటకూడదు, దాటితే నాలుగైదు అడుగుల్లో అయిపోయి అంకెకి నిలకడ ఉండదు. చిన్న అడుగు 5 మి.మీ. కన్నా తగ్గితే తీరాన్ని కాదు, మ్యాపు గీసినవాళ్ళు వంపుల్ని ఎంత సరళం చేశారో దాన్ని కొలుస్తున్నట్టు. ఇంకా కిందికి దిగాలంటే 1:25,000 మ్యాపు తెచ్చుకోవాలి.

ఒక ముల్లు మొదటి చుక్క మీద పెట్టి రెండోదాన్ని తిప్పితే, గీత ఆ చాపాన్ని రెండు మూడు చోట్ల తాకొచ్చు. ఒడ్డు వెంబడి నడుస్తుంటే మొదట ఏది తగులుతుందో దాన్నే తీసుకోవాలి. ఒకచోట మొదటిది, ఇంకోచోట దూరంగా ఉన్నది తీసుకుంటే క్రీకులు కొన్ని లెక్కలోకి వచ్చి కొన్ని ఎగిరిపోతాయి. ఎక్కువమంది లెక్క చెడేది ఇక్కడే. చివర్లో అడుగు పూర్తిగా పట్టకపోతే మిగిలిన దూరాన్ని అడుగుతో భాగించి ఆ భిన్నం కలపండి. చవక డివైడర్ కీలు వదులుగా ఉండి నడుస్తూ నడుస్తూ విచ్చుకుంటుంది, ఇరవై అడుగులకోసారి స్కేలు మీద పెట్టి చూసుకోండి. మొదటి చుక్క కాస్త జరిపితే అంకె మారుతుంది కాబట్టి, ఒక్కో అడుగుకీ మూడు వేర్వేరు చోట్ల మొదలుపెట్టి సగటు తీస్తే మంచిది.

లెక్క చాలా తేలిక. ఒక అడుగుకి 40 పట్టాయనుకుందాం. అడుగు సగం చేస్తే 80 పడితే గీత తిన్ననిది. 95 పడితే? 95ని 40తో భాగించి లాగ్ (సంవర్గమానం) తీసి, దాన్ని 2 లాగ్‌తో భాగించండి. 1.25 వస్తుంది, మాండెల్‌బ్రాట్ చెప్పిన పడమటి తీరం అంకె. ఫోను అడ్డంగా తిప్పితే చాలా క్యాలిక్యులేటర్లలో లాగ్ బటన్ వస్తుంది. 1.25 ఉన్న తీరంలో అడుగు సగం చేసిన ప్రతిసారీ పొడవు 19 శాతం పెరుగుతుంది. 1.02 ఉన్నచోట ఒకటిన్నర శాతం కూడా పెరగదు. రెండు అడుగులతో సరిపెట్టకుండా నాలుగింటినీ లాగ్-లాగ్ గ్రాఫు మీద (అడ్డంగా అడుగు పొడవు, నిలువునా అడుగుల సంఖ్య, రెండూ లాగ్ తీసి) చుక్కలు పెట్టి చూడండి. తిన్నగా వరసలో ఉంటే మీ అంకెని నమ్మొచ్చు. చిన్న అడుగుల వైపు గీత వంగితే మ్యాపులో వివరం అయిపోయిందని అర్థం, ఆ చుక్క తీసేయాలి.

ఈ 202వ షీటునే ఎందుకు ఎంచుకున్నామంటే, స్టార్ట్ పాయింట్ దాటగానే స్లాప్టన్ శాండ్స్ ఉంది. టార్‌క్రాస్ నుంచి సుమారు నాలుగు కిలోమీటర్లు గులకరాళ్ళ ఒడ్డు, స్కేలు పెట్టి గీసినట్టు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు మంచినీటి చెరువు, మధ్యలో రోడ్డు. అక్కడ అడుగు సగం చేస్తే రెండింతలే వస్తాయి. గులకరాళ్ళని అల ఒడ్డు వెంబడి ఈడ్చుకుపోయి ఎత్తుపల్లాలు చదును చేసేస్తుంది, గట్టి రాయి దగ్గర ఆ పప్పులు ఉడకవు. మెత్తటి రాయి ముందు అరిగి గుంట పడుతుంది, గుంటలు పెరిగిన కొద్దీ గరుకు ఒడ్డు అల జోరుని తనే తగ్గించేస్తుంది, దాంతో అరుగుదల నెమ్మదిస్తుంది. ఫ్రాన్స్‌కి చెందిన శాస్త్రవేత్త బెర్నార్డ్ సపోవాల్ మరో ఇద్దరితో కలిసి 2004లో దీన్నే కంప్యూటర్ మీద నడిపించి చూస్తే డైమెన్షన్ 4/3 దగ్గర స్థిరపడింది.

లెక్కల పుస్తకంలో ఈ గరుకు తీరానికి అన్నలాంటిది ఒకటుంది, 1904 నాటి కోఖ్ వక్రం. గీతని మూడు ముక్కలు చేసి నడిమి ముక్క తీసేసి దాని చోట టోపీలా రెండు ముక్కలు నిలబెట్టడం, మళ్ళీ ప్రతి ముక్కకీ అదే పని. అడుగు మూడో వంతు చేస్తే నాలుగింతలు పడతాయి, డైమెన్షన్ 1.26. అది అంతులేకుండా పోతుంది. తీరం అలా పోదు. మీటరు కన్నా కిందికి దిగితే ఏ అలకి ఆ గీత, కొలవడానికి ఏమీ మిగలదు.

మళ్ళీ మన లెక్కకొద్దాం. స్కేలు 18 రెట్లు మారింది కదా, కొత్త పొడవుని పాత పొడవుతో భాగించి లాగ్ తీసి, 18 లాగ్‌తో భాగించి, 1 కలిపితే చాలు. ఆంధ్రాకి 1.03 వస్తుంది. గోదావరి, కృష్ణ తెచ్చిపోసిన ఇసుకని అల చదును చేసిన తీరం కాబట్టి ఆశ్చర్యం లేదు. 1,214.7 నుంచి 2,340.62కి వెళ్ళిన గుజరాత్‌కి 1.23, కచ్ఛ్ క్రీకుల చలవ. సుందర్‌బన్స్ ఉన్న బెంగాల్ 157.5 నుంచి 721.02కి ఎగబాకి 1.53 చూపిస్తోంది. ఇది కాకి లెక్కేనండీ, ఎందుకంటే స్కేలుతో పాటు ఏది తీరం అన్న నిర్వచనం కూడా మారింది. పుదుచ్చేరి చూడండి, 47.6 నుంచి 42.65కి తగ్గింది. ఒట్టి స్కేలు మార్పే అయితే తగ్గడం జరగదు.

పరీక్షలో అయితే తాజా అంకె 1,053.07 రాయి. ఆప్షన్లలో 974 ఒక్కటే ఉంటే దాన్నే పెట్టు, పేపరు చేసినవాళ్ళతో పేచీ మనకెందుకు. తీరిక దొరికితే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 ఓపెన్ సిరీస్ షీట్లు ఆన్‌లైన్‌లో ఉంటాయి, కాకినాడ, కోరంగి ఉన్న షీటు తీసి కొలువు. మడ అడవి వైపు ఒకసారి, ఉప్పాడ వైపు ఇంకోసారి. ప్రింటు తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" టిక్కు తీసేయమని చెప్పు, లేకపోతే మెషీను దాని ఇష్టమొచ్చినంత కుదిస్తుంది. చేతికొచ్చాక స్కేలు పెట్టి చూసుకో, 2 సెంటీమీటర్లకి ఒక కిలోమీటరు రావాలి. రాలేదనుకో, కిలోమీటర్లు తప్పుతాయి గానీ డైమెన్షన్ మారదు. అడ్డంగా ఒకలా, నిలువునా ఒకలా సాగదీసి ఉంటే మాత్రం ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి తీయించుకో.