పైపలక పగిలితే తప్పు ఫెవికాల్‌ది కాదు
(విజయవాడలో వడ్రంగి మేస్త్రీలు, ఇంటీరియర్ కోర్సు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

మేస్త్రీలందరికీ, కోర్సు చదువుతున్న పిల్లలకీ నమస్కారం.

ఇవాళ ఒక్క పలక గురించే మాట్లాడతాను. రెండడుగుల వెడల్పు, ఐదారు అడుగుల పొడవున్న క్యాబినెట్ మీద వేసే టేకు పైపలక. ప్లైవుడ్ వేసి వెనీర్, అంటే పలచటి చెక్క పొర, అంటిస్తే గొడవే లేదు కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నిజమే. వంటగదిలో సింకు పక్కన అయితే నేనూ అదే చెప్తాను. కానీ హాల్లో పెట్టుకునే క్యాబినెట్‌కి "నాకు అసలు చెక్కే కావాలి" అని ఇంటాయన పట్టుబడితే మనం సిద్ధంగా ఉండాలి.

రెండడుగుల వెడల్పు టేకు పలక ఒకే ముక్కలో దొరకడం కష్టం. దొరికినా నేను తీసుకోను. అంత వెడల్పు ముక్క ఏదో ఒక రోజు మధ్యలో గుంట పడి అంచులు లేస్తుంది. నాలుగైదు అంగుళాల ముక్కలు ఐదారు అతికించడమే మంచిది.

ముందు కలప అడితికి వెళ్దాం. "బర్మా టేకు సార్" అంటారు. బర్మా 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది, కాబట్టి ఆ పేరు విని డబ్బు ఎక్కువ ఇవ్వకండి. ఇప్పుడు ఆఫ్రికా నుంచి, దక్షిణ అమెరికా నుంచి వచ్చే తోట టేకు చాలా ఉంది. అందులో చేవ, అంటే దుంగ లోపలి గట్టి చెక్క, తక్కువగా, అంచున తెల్ల చెక్క ఎక్కువగా ఉండే ముక్కలు కనిపిస్తాయి. తెల్ల చెక్కకి పురుగు పడుతుంది, పాలిష్ వేశాక రంగూ కలవదు. కోసి తీసేయండి. కూల్చిన పాత ఇళ్ల దూలాలు దొరికితే ఇంకా మంచిది. ఏళ్ల తరబడి ఆరిన చెక్క అది. రంపం పెట్టేముందు మేకులు మాత్రం వెతుక్కోండి.

ముక్కని పక్క నుంచి కాదు, కొస నుంచి చూడండి. చెట్టు పెరిగిన వలయాలు నిలువుగా నిలబడి కనిపిస్తే ఆ ముక్క తక్కువ కదులుతుంది, అంటే తేమకి ఉబ్బడం, ఆరితే కుంచించుకోవడం తక్కువ. పడుకుని కనిపిస్తే దాదాపు రెట్టింపు కదులుతుంది. పొడవులో మాత్రం టేకు కదలిక లెక్కలోకి రాదు, కదిలేదంతా వెడల్పులోనే.

ఎంత కదులుతుంది? మన ఊరి లెక్కే వేద్దాం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏసీ వేసిన గదిలో గాలి తేమ యాభై శాతం దగ్గర ఉంటే, చెక్కలో తేమ తొమ్మిది శాతానికి దిగుతుంది. వానాకాలంలో ఏసీ ఆపి కిటికీలు తెరిస్తే, గాలి తేమ డెబ్బై దాటి చెక్కలో తేమ పదమూడుకి ఎక్కుతుంది. ఆ నాలుగు శాతం తేడాకే 600 మిల్లీమీటర్ల పలక, వలయాలు పడుకున్న ముక్కలతో చేసిందైతే, సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు మారుతుంది. నిలువు వలయాల ముక్కలతో చేస్తే రెండున్నర లోపు. దీన్ని ఏ జిగురూ ఆపలేదు, ఏ స్క్రూ ఆపలేదు.

కొండపల్లి బొమ్మల వాళ్లని చూడండి. తెల్ల పొణికి చెక్కలో తేమ పోగొట్టకుండా వాళ్లు పని మొదలుపెట్టరు. అరచేతిలో పట్టే బొమ్మకే అంత జాగ్రత్త. మనం మాత్రం పొద్దున అడితి నుంచి తెచ్చి సాయంత్రానికి అతికించేస్తాం. ముక్కల మధ్య సన్న పట్టీలు పెట్టి, కనీసం రెండు వారాలు, వీలైతే ఆ పలక ఉండబోయే గదిలోనే పేర్చి ఉంచండి. తేమ మీటరు కొనుక్కోండి, అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక ముక్కలు పేర్చే వరస. వలయాల కమాను ఒక ముక్కకి పైకి, పక్క ముక్కకి కిందకి ఉండాలని మన గురువులు చెప్పారు. నేను దాన్ని నియమంగా పాటించను. అలా పెడితే పలక మొత్తం ఒకవైపు వంగదు గానీ, మీద అలలు లేస్తాయి. పైముఖం అందంగా కలిసే వరస చూసుకుని, వంపు సంగతి కింది బిగింపుకి వదిలేస్తాను. గ్రెయిన్, అంటే చెక్క నార, అంతా ఒకే దిక్కున ఉంటే అతికాక చిత్రిక పట్టడమూ తేలిక. వరస కుదిరాక మీద సుద్దతో పెద్ద త్రిభుజం గీయండి, తర్వాత ముక్కలు తారుమారు కావు.

అంచులకి చిత్రిక పట్టేటప్పుడు పక్కపక్కన రావాల్సిన రెండు ముక్కల్ని పుస్తకం మూసినట్టు కలిపి, రెండు అంచులకీ ఒకేసారి పట్టండి. మూలమట్టానికి కాస్త అటూ ఇటూ అయినా, తెరిచి పెట్టినప్పుడు ఒకదాని వాలు రెండోదాని వాలుతో సరిపోతుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెనక లైటు పెడితే వెలుతురు రాకూడదు. క్లాంపు బిగిస్తే సందు మూసుకుంటుందిలే అనుకోవద్దు. బలవంతంగా మూసిన సందు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది.

టేకులో నూనె ఉంటుంది. అందుకని చిత్రిక పట్టిన రోజే, అంచుని అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు రాయండి. అంచులు సరిగ్గా కూర్చుంటే ఆ అతుకు చెక్క కన్నా గట్టిగా ఉంటుంది. అతుకులో డోవెల్ (గుండ్రటి చెక్క పుల్ల), బిస్కెట్ (పలచటి చెక్క బిళ్ల) పెట్టేది ముక్కలు జారకుండా వరసలో నిలబెట్టడానికే, బలానికి కాదు. మే నెలలో అయితే తెల్లవారుజామున అతికించండి, ఎండెక్కితే రాస్తుండగానే జిగురు పొర కడుతుంది. క్లాంపులు అడుగుకొకటి, ఒకటి పైన ఒకటి కింద. అతుకు పొడవునా సన్న చుక్కలు కారితే చాలు, ఇంకా బిగిస్తే ఉన్న జిగురంతా బయటికి పోతుంది.

మర్నాడే చిత్రిక పట్టకండి. జిగురులోని నీళ్లకి అతుకు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది. అప్పుడే చదును చేస్తే, ఆరాక ప్రతి అతుకూ గీతలా లోపలికి దిగుతుంది. నిగనిగలాడే పాలిష్ కింద అది ఇంకా బాగా కనబడుతుంది. నాలుగైదు రోజులు ఆగండి. పని తొందరగా ఇమ్మని ఇంటాయన టెన్షన్ పెడతాడు, తెలుసు. ఆ రోజుల్లో తలుపులు బిగించుకోండి.

అసలు తప్పు జరిగేది చివర్లో. పూర్వం పైపలక కింది క్యాబినెట్ పెట్టె కూడా గట్టి చెక్కే, పక్క పలకలు పైపలకతో పాటే కదిలేవి. ఇప్పుడు పెట్టె ప్లైవుడ్, అది కదలదు. మీద పలక కదులుతుంది. ముందూ వెనకా స్క్రూలు బిగించేస్తే ఎండాకాలంలో పలక కుంచించుకోబోయి, దారి లేక పగులుతుంది. అప్పుడు అందరూ ఫెవికాల్‌ని తిడతారు. ముందు వరస స్క్రూలు గట్టిగా బిగించండి, ముందంచు తలుపులతో సమంగా ఉండిపోతుంది. మధ్యలో, వెనక రంధ్రాలు గుండ్రంగా కాకుండా ముందు నుంచి వెనక్కి పొడవుగా కోసి, వాషర్ వేసి, స్క్రూ జరిగేలా పెట్టండి. పలక కొసలకి అడ్డపట్టీ పెట్టమంటే, దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జిగురుతో అంటించొద్దు. మధ్యలో నాలుగంగుళాలు చాలు.

పాలిష్ కింది ముఖానికి కూడా అన్నే కోట్లు వేయండి, లేకపోతే తేమ ఒకవైపు నుంచే ఎక్కి పలక వంగుతుంది. వెనక గోడకి ఐదారు మిల్లీమీటర్ల సందు వదలండి. పెయింటింగ్ వాళ్లు వచ్చి దాన్ని పుట్టీతో పూడ్చకుండా ఇంటివాళ్లకి చెప్పి మరీ వెళ్లండి.

నేను తెచ్చిన ముక్కలు ఆ బల్ల మీద ఉన్నాయి. కొసలు చూసి ఏది ఎటు వంగుతుందో మీరే చెప్పండి, తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.